పళ్లకి క్లిప్పులు సరే, పిల్లకి దుబాసీ పని వద్దు

జర్మనీకి వచ్చిన మన తెలుగు ఇళ్లలో పిల్లలే దుబాసీలు. ఇంటి ఓనరు నుంచి ఉత్తరం వస్తే చదివి చెప్పేది వాళ్లే. ఇంటర్నెట్ ఆగిపోతే కంపెనీకి ఫోన్ చేసి మాట్లాడేది వాళ్లే. టౌన్‌హాల్ కౌంటర్ ముందు అమ్మానాన్నల మధ్య నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు అందించేదీ వాళ్లే. బడిలో పొద్దస్తమానం జర్మనే కాబట్టి పిల్లలకి తొందరగా పట్టుబడుతుంది. మా ఆయన ఆఫీసులో అంతా ఇంగ్లిష్. నేను ఏ2 దాకా, అంటే రెండో మెట్టు దాకా, జర్మన్ క్లాసులకి వెళ్లాను. కూరగాయలు కొనడానికి, బస్సులో దారి అడగడానికి ఆ భాష చాలు. డాక్టరు గదిలో చాలదు.

అయినా మా పెద్దమ్మాయి పళ్ల వైద్యం మొదలైనప్పుడు, ఈ ఒక్క విషయంలో తనని దుబాసీగా పెట్టుకోకూడదని తీర్మానించుకున్నాను. వైద్యం తన నోటికి. ఆ నోటితోనే నాకు డాక్టరు మాటలు చెప్పాలంటే, పన్ను పీకాలా వద్దా, ఎంత ఖర్చు, ఎన్నేళ్లు, ఏది విరిగితే ఏమవుతుంది అన్నవన్నీ ముందు తన మనసులోంచి పోయి నా దగ్గరికి రావాలి. పన్నెండేళ్ల పిల్ల మీద అంత బరువు పెట్టకూడదు. దీని గురించి మన వాళ్లు ఎవరూ మాట్లాడుకోవడం నేను వినలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా అమ్మాయివి ఎత్తుపళ్లు. పై వరస ముందుకి వచ్చింది, కింది దవడ కొంచెం వెనక్కి ఉంది. నిద్రలో పెదాలు మూసుకునేవి కావు. ముందు పళ్లతో చపాతీ కొరకలేక పక్కకి తిప్పుకుని తినేది. ఎర్లాంగెన్‌లో మేం మామూలుగా వెళ్లే పంటి డాక్టరు ఆర్నెల్ల తనిఖీలో చూసి, కీఫర్‌ఓర్థోపేడె దగ్గరికి వెళ్లమన్నారు. మనం ఆర్థోడాంటిస్ట్ అనేవాళ్లని ఇక్కడ అలా అంటారు.

ఇంటికి ఫోన్ చేస్తే అందరూ ఒకటే మాట. "సెలవులకి హన్మకొండ వచ్చినప్పుడు క్లిప్పులు పెట్టించెయ్యండి. అక్కడ మీకు వాళ్ల భాష రాదు, ఇక్కడైతే ఖర్చూ తక్కువ." మా అత్తమ్మ అయితే, "ఆడపిల్ల పళ్లకు ఇనుప తీగలేంది బిడ్డా, పెద్దయితే అవే సర్దుకుంటయ్" అన్నది. ప్రేమతోనే అన్నారు. కానీ క్లిప్పులు ఒకసారి అంటించి పంపించేసే పని కాదు. తీగ పన్నుని ఒక పక్కకి నొక్కుతూ ఉంటే, నొక్కుడు పడిన పక్క ఎముక కరుగుతుంది, వెనక ఖాళీ అయిన పక్క కొత్త ఎముక పుడుతుంది. పన్ను అలా ఎముకలోనే కొంచెం కొంచెంగా జరుగుతుంది. ఒంటికి ఆ పని చేసుకోవడానికి టైం కావాలి, తొందరపెడితే పంటి వేర్లు దెబ్బ తింటాయి. నాలుగు నుంచి ఎనిమిది వారాలకోసారి డాక్టరు చూడాలి, తీగ మార్చాలి. ఏడాదికోసారి ఊరెళ్లే వాళ్లకి అది కుదరదు. పిల్ల ఎక్కడ ఉంటే వైద్యం అక్కడే జరగాలి. భాష సంగతి మనం చూసుకోవాలి.

ఇక్కడి డబ్బు లెక్క ముందు అర్థమైతే సగం భయం పోతుంది. ప్రభుత్వ పద్ధతి బీమాలో, అంటే క్రాంకెన్‌కాసెలో, ఉన్న కుటుంబాల సంగతి చెబుతున్నాను. ప్రైవేటు బీమా వాళ్ల నియమాలు వేరు, వాళ్ల కాంట్రాక్టు ప్రకారం ఉంటాయి. ప్రభుత్వ బీమాలో పళ్ల వంకరకి ఐదు మెట్లు పెట్టారు. వాటిని కేఐజీ అంటారు, 2002 నుంచి నడుస్తున్నాయి. మూడు, నాలుగు, ఐదు మెట్లయితే పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకి బీమా భరిస్తుంది. ఒకటి, రెండు అయితే భరించదు. పద్దెనిమిది దాటాక మొదలుపెడితే, దవడ ఆపరేషన్‌తో కలిపి చేయాల్సిన తీవ్రమైన కేసులకి తప్ప ఎవరికీ ఇవ్వదు. మన పెద్దవాళ్లు "పెద్దయ్యాక చూద్దాంలే" అంటారు చూడండి, ఆ మాట ఇక్కడ చాలా ఖరీదైన మాట.

మెట్టు నిర్ణయించేది స్కేలు. ఎత్తుపళ్లకి డి అనే అక్షరం. పై ముందు పన్ను కింది పన్నుకి ఎంత ముందుకి ఉందో మిల్లీమీటర్లలో కొలుస్తారు. మూడు దాటి ఆరు మిల్లీమీటర్ల దాకా అయితే డి2, బీమా రాదు. ఆరు దాటితే డి4, వస్తుంది. తొమ్మిది దాటితే డి5. మా అమ్మాయికి ఏడు వచ్చింది. ఒక్క మిల్లీమీటరు తేడాతో అంత ఖర్చు ఇటు నుంచి అటు మారుతుందంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. కానీ ఈ పద్ధతిలో నాకు నచ్చిన సంగతి కూడా అదే. అక్షరం, అంకె. జర్మన్ రాని తల్లి కూడా కాగితం మీద డి4 అని చూసి తన బిడ్డకి ఏం హక్కు ఉందో తెలుసుకోవచ్చు.

మేం మొదట వెళ్లిన క్లినిక్‌లో ఈ సంగతులేవీ చెప్పలేదు. నేను ఇంగ్లిష్‌లో మొదలుపెడితే ముందు డెస్క్ దగ్గర ఉన్న ఆవిడ నా వైపు చూడకుండా మా అమ్మాయి వైపు తిరిగింది. పాపకి జర్మన్ బాగా వచ్చు కదా, తను చెబుతుందిలే అన్నది. అంతే, అక్కడి నుంచి మాటలన్నీ పిల్లతోనే. చివర్లో ఒక కాగితాల కట్ట ఇచ్చారు. చిన్న సైజు బ్రాకెట్లు, మెత్తటి తీగలు, పళ్ల పైన పూత, తర్వాత లోపలి పక్క అంటించే తీగ, ఒక్కోదాని పక్కన యూరోల్లో ధర. కింద సంతకం గీత. పెన్ను కూడా చేతికిచ్చారు. నేను సంతకం పెట్టలేదు, ఇంటికి తీసుకెళ్లి చదువుతానని చెప్పి బయటికి వచ్చేశాం.

బస్సులో మా అమ్మాయి కిటికీలోంచి చూస్తూ, "అమ్మా, నాకు మామూలువి చాలు. అవి లేకపోయినా పర్లేదు, అసలు ఇప్పుడే వద్దులే" అన్నది. ఆ ధరలన్నీ తను చదివేసింది. కూడుకున్నది కూడా. మా ఇంట్లో డబ్బుకి అంత ఇబ్బంది లేదు, ఉన్నా అది తను మోయాల్సింది కాదు. ఆ రోజే నాకు స్పష్టమైంది.

ఇంకో సంగతి కూడా మనసులో మెదిలింది. మాకు తెలిసిన వాళ్ల అబ్బాయి పంటి డాక్టరు దగ్గర వాళ్లమ్మకి చెప్పేవాడు, "అంతా బాగుందట." ఆర్నెల్ల తర్వాత మూడు పళ్లకి పుచ్చు. బ్రష్ సరిగ్గా చేయడం లేదని డాక్టరు ప్రతిసారీ చెబుతున్నాడు, వాడు ఆ ఒక్క మాట మింగేస్తున్నాడు. వాడిది తప్పనను. తనకి పడే తిట్లని తనే మోసుకొచ్చి అమ్మకి అప్పజెప్పమంటే ఏ పిల్లాడు చేస్తాడు?

తర్వాత రోజుల్లో మా బీమా సంస్థకి ఈమెయిల్ రాసి, చట్టంలో ఏముందో చదువుకున్నాను. ఫోన్‌లో అనువాదం పెట్టుకుని, ఒక్కో వాక్యం. సామాజిక చట్టం ఐదో పుస్తకంలో 29వ సెక్షన్ ఇదంతా చెబుతుంది. బీమా ఎనభై శాతం కడుతుంది, ఇరవై శాతం మనం కట్టాలి. ప్లాన్ ప్రకారం వైద్యం పూర్తయిందని తేలాక ఆ ఇరవై శాతం కూడా బీమా మనకి తిరిగి ఇచ్చేస్తుంది. మధ్యలో మానేస్తే ఇవ్వదు. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకి ఒకేసారి నడుస్తుంటే రెండో బిడ్డకి పది శాతమే. ఇక ఆ ధరల కాగితంలోవి అదనపు ఖర్చులు, వాటిని మేర్‌కోస్టెన్ అంటారు, ఒప్పుకోవడం మన ఇష్టం. 2019 మే నుంచి నియమం ఇంకా గట్టిపడింది. అదనపు డబ్బు తీసుకునే ముందు, ఏ అదనమూ లేకుండా జరిగే వైద్యం ఏమిటో చెప్పాలి, ఒప్పందం రాతలో ఉండాలి. బీమా ఇచ్చే మామూలు స్టీలు బ్రాకెట్లతో పళ్లు సరిగ్గానే జరుగుతాయి. మేం చివరికి వాటినే పెట్టించాం.

సివిల్ కోడ్‌లో ఇంకో సెక్షన్ ఉంది, 630ఇ. రోగుల హక్కుల చట్టం వచ్చిన 2013 నుంచి అమల్లో ఉంది. వైద్యం గురించి చెప్పే మాట రోగికి అర్థమయ్యేలా ఉండాలని అందులో ఉంది. పిల్లల విషయంలో ఒప్పుకోవాల్సింది తల్లిదండ్రులు, కాబట్టి అర్థం కావాల్సింది మాకు. అయితే దుబాసీ ఖర్చు ప్రభుత్వ బీమా ఇవ్వదు. సైగల భాష వాడేవాళ్లకి తప్ప. దుబాసీని మనమే వెతుక్కోవాలి. నా ఉద్దేశంలో ఇది ఈ దేశపు ఆరోగ్య పద్ధతిలో పెద్ద లోటు. ఇన్ని దేశాల వాళ్లు ఇక్కడ పనిచేసి బీమా కడుతున్నారు. అర్థమయ్యేలా చెప్పాలని చట్టం రాసిన వాళ్లే ఆ అర్థానికయ్యే ఖర్చు ఎవరిదో రాయాలి.

మా పై అంతస్తులో ఒక తమిళావిడ ఉంటారు. చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నారు, జర్మన్ మంచినీళ్లలా మాట్లాడతారు. అక్కా, ఒక్క రోజు నాతో రండి అని అడిగాను. అన్ని రోజులూ కాదు, ప్లాన్ చెప్పే ఒక్క రోజు. ఈ వైద్యంలో నోటితో వివరంగా మాట్లాడాల్సింది నిజానికి ఆ ఒక్క సమావేశంలోనే, మిగతావి చూపులతో, సైగలతో గడిచిపోతాయి. ఆమె వెంటనే ఒప్పుకున్నారు. రెండో క్లినిక్‌కి అపాయింట్‌మెంట్ అడుగుతూ ఈమెయిల్‌లోనే రాశాను: పాప జర్మన్ మాట్లాడుతుంది, కానీ ప్లాన్, ఖర్చు, పన్ను పీకడం గురించి మాతో మాట్లాడండి, పాప ద్వారా వద్దు, మేం ఒకరిని తీసుకొస్తాం. ఆ డాక్టరమ్మ నుంచి మర్నాడే జవాబు వచ్చింది. అది మంచి ఆలోచన, ఆ రోజుకి మామూలు కంటే ఎక్కువ టైం పెడతాను అని. ఆ జవాబు చదివి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

వెళ్లేముందు నేర్చుకున్న ఒక విషయం ఈ మొత్తం వైద్యంలో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది. పళ్లకి నంబర్లు ఉంటాయి. ప్రపంచ దంతవైద్యుల సమాఖ్య ఎఫ్‌డీఐ పద్ధతి. నోటిని నాలుగు భాగాలు చేస్తారు. మన కుడి వైపు పైన 1, ఎడమ వైపు పైన 2, ఎడమ కింద 3, కుడి కింద 4. ప్రతి భాగంలోనూ ముందు పన్ను నుంచి వెనక్కి 1, 2, 3 అని ఎనిమిది దాకా. మొదటి అంకె భాగం, రెండోది పన్ను. కుడి పైన కోరపన్ను 13. ఎడమ కింద మొదటి పెద్ద దవడ పన్ను 36. పాలపళ్లయితే భాగాలు 5 నుంచి 8 దాకా. మా అమ్మాయికి అప్పటికి ఇంకా ఊడని పాలపన్ను ఒకటి ఉండేది, 55. జర్మన్‌లో మామూలు అంకెలు తలకిందులుగా పలుకుతారు, ఇరవైనాలుగుని నాలుగు-మీద-ఇరవై అన్నట్టు చెబుతారు, కొత్తవాళ్లు తికమకపడతారు. పళ్ల నంబర్లని మాత్రం విడివిడిగా, రెండు, నాలుగు అని చదువుతారు. ఒకటి నుంచి ఎనిమిది దాకా జర్మన్ అంకెలు వస్తే చాలు, డాక్టరు ఏ పన్ను గురించి మాట్లాడుతోందో కుర్చీ పక్కన కూర్చుని మనకి తెలిసిపోతుంది. ఒక కాగితం మీద నోరు గీసుకుని, నంబర్లు వేసుకుని, పక్కన తెలుగులో ముందు పన్ను, కోరపన్ను, దవడ పన్ను అని రాసుకుని పర్సులో పెట్టుకున్నాను.

ప్లాన్ కాగితం చేతికి రాగానే నా కళ్లు రెండు నంబర్ల మీద పడ్డాయి. 14, 24. పక్కన పీకడం అన్న మాట, దాని పక్కన ప్రశ్నార్థకం. కుడి ఎడమల్లో కోరపళ్ల వెనక ఉండే పళ్లు. మా చిన్నమ్మ కూతురు హన్మకొండలో పంటి డాక్టరు. ముందు రాత్రే ఆమెతో మాట్లాడాను. "అక్కా, వాళ్లు ఏం చెప్పినా నాకు ఆ నంబర్లు, ఎక్స్‌రే ఫోటో పంపు. జర్మన్ నాకెందుకు?" అంది. అక్కడికక్కడే ఫోటో తీసి పంపాను. వేసవి కాబట్టి మనకంటే వాళ్లు మూడున్నర గంటలు ముందు, క్లినిక్‌లో రోగుల మధ్యలోనే చూసి జవాబిచ్చింది. "ఎదిగే వయసు కదా. కింది దవడని ముందుకి తెచ్చే ప్లేటుతో మొదలుపెట్టే ఆలోచన ఉందా అడుగు. అది అయ్యాక చోటు చాలకపోతేనే పీకడమా అని అడుగు."

ఆ ప్రశ్నని తమిళావిడ జర్మన్‌లో అడిగారు. డాక్టరమ్మ పెన్ను తీసుకుని దవడలు గీసి చూపించింది. అవును, అదే. ముందు తీసి పెట్టుకునే ప్లేటు, ఏడాది దాకా. ఎదుగుదలతో పాటు కింది దవడ ముందుకి వస్తుంది. ఆ తర్వాత అంటించే క్లిప్పులు. 14, 24 సంగతి అప్పుడు మళ్లీ కొలిచి చూస్తాం, అందుకే ప్రశ్నార్థకం పెట్టాను అంది. ఈ మాటలు జరుగుతున్నంతసేపూ మా అమ్మాయి బయట గదిలో తన పుస్తకం చదువుకుంటోంది. తర్వాత ముగ్గురం కలిసి తనని పిలిచి, తనకి తెలియాల్సింది తనకి చెప్పాం. ప్లేటు రోజుకి ఎన్ని గంటలు, ఎప్పుడు తీయాలి, ఎలా కడగాలి. అది తన వంతు. తన నోటి గురించి తను డాక్టరుతో నేరుగా, జర్మన్‌లో మాట్లాడాలి. ఆ మాటలు మాకు అప్పజెప్పే పని మాత్రం తనది కాదు.

సంతోషం ఏమిటంటే ఆ రెండు పళ్లూ ఇప్పటికీ నోట్లోనే ఉన్నాయి. ప్లేటు ముగిశాక చోటు సరిపోయింది.

క్లిప్పులు అంటించిన రోజు గురించి భయపడే పిల్లలకి, తల్లులకి చెబుతున్నాను, అంటించేటప్పుడు నొప్పి ఉండదు. బుగ్గల్ని తెరిచి పట్టే ప్లాస్టిక్ ఒకటి పెడతారు. పళ్లు శుభ్రం చేసి ఒక జెల్ రాస్తారు, అది పంటి పైపొరని గరుకు చేస్తుంది. కడిగి, ఆరబెట్టి, బ్రాకెట్ని జిగురుతో పెట్టి నీలం దీపంతో గట్టిపరుస్తారు. చివర్లో తీగ. ఎక్కువ ఇబ్బంది నోరు తెరుచుకుని ఉండటమే. ముందే డాక్టరమ్మతో ఒప్పందం చేసుకున్నాం, పాప ఎడమ చెయ్యి ఎత్తితే ఆపాలి అని. సహాయంగా ఉన్న అమ్మాయి ఫ్రాంకోనియా యాసలో మాట్లాడుతుంది. మా క్లాసులో నేర్పిన జర్మన్‌కి, ఈ ప్రాంతం మాటకి చాలా తేడా. పలుకులు మెత్తబడి, చివర్లు మింగేసి ఉంటాయి. ఆమె ప్రతి పని ముందూ "ఎ వెంగ్" అనేది, కొంచెమే, కొంచెమే అని. మా అమ్మాయికి ఆ మాట ఎంత ఇష్టమైపోయిందో, ఇప్పుడు ఇంట్లో చారు పోసేటప్పుడు కూడా అదే అంటుంది.

నొప్పి అదే రోజు సాయంత్రం మొదలై, మర్నాడు ఎక్కువగా ఉండి, వారంలో తగ్గింది. ఏ నొప్పి మామూలు, ఏది డాక్టరుకి చెప్పాల్సింది అన్నది తల్లికి తెలిసి ఉండాలి. పన్ను లాగుతోంది, నొక్కుతోంది అంటే తీగ పనిచేస్తోందని, అది సహజం. బుగ్గకి గుచ్చుకుంటోంది అంటే తీగ కొన బయటికి వచ్చిందని, మైనం పెట్టి, వెళ్లి కత్తిరించుకు రావాలి. ఒక్క పన్నే రాత్రంతా సలుపుతోంటే, చల్లటి నీళ్లకి జివ్వుమంటుంటే, ఫోన్ చేయాలి. ఈ నాలుగైదు మాటలకీ జర్మన్‌లో సాటి మాటలు ఉన్నాయి, వాటిని నా కాగితం వెనక రాసుకున్నాను. అంతకు మించిన భాష నాకు కుర్చీ దగ్గర ఎప్పుడూ అవసరం పడలేదు.

తిండి దగ్గరికి వస్తే వాళ్లిచ్చిన కాగితంలో తినకూడదని ఉన్నవి ఆపిల్, గట్టి రొట్టె పైపెచ్చు, క్యారమెల్, పాప్‌కార్న్. మన వంటింటి సంగతి వాళ్లకి తెలియదు కదా, ఆ జాబితా మనమే రాసుకోవాలి. మొదటి రోజుల్లో పెరుగన్నం, మెత్తగా ఉడికించిన పప్పన్నం, ఇడ్లీ, గోధుమరవ్వ ఉప్మా. మానేయాల్సినవి చేగోడీలు, సకినాలు, పల్లీ పట్టి, నువ్వుల ఉండలు, మరమరాలు, చెరుకు ముక్కలు, ఆవకాయలో టెంక. ములక్కాడ గురించి ఎవరూ చెప్పరు. ఆ పీచు బ్రాకెట్ల మధ్య చిక్కుకుంటే తీయడం చాలా కష్టం. గుజ్జు గీరి ఇవ్వాలి.

పసుపు సంగతి మరీ ముఖ్యం. బ్రాకెట్ మీద తీగని పట్టి ఉంచడానికి చిన్న రబ్బరు రింగులు వేస్తారు. పిల్లలు రంగు ఎంచుకోవచ్చు. తెల్లవి, పారదర్శకమైనవి ఎంచుకున్నారా, ఒక్క పప్పు అన్నంతో పచ్చబడిపోతాయి, మళ్లీ మార్చేదాకా అలాగే ఉంటాయి. బడిలో పిల్లలు పళ్లు తోమవా అని అడిగితే చిన్న మనసు నొచ్చుకుంటుంది. మేం రోజూ పసుపు తింటాం, ఏ రంగు మంచిది అని నేను డాక్టరమ్మని అడిగాను. పసుపుని ఇక్కడ కుర్కుమా అంటారు, అందరికీ తెలుసు. ఆమె నవ్వి, ముదురు రంగులున్న పెట్టె ముందుకి జరిపింది. మా అమ్మాయి ముదురు ఊదా రంగు తీసుకుంది.

సంక్రాంతికి అత్తమ్మ వచ్చినప్పుడు పెట్టెనిండా సకినాలు తెచ్చింది. మనవరాలు తినకుండా ఉండగలదా? శుక్రవారం మధ్యాహ్నం కటుక్కుమంది. కింద ఒక బ్రాకెట్ ఊడి తీగకి వేలాడుతోంది. శుక్రవారం మధ్యాహ్నం తర్వాత ఇక్కడ చాలా క్లినిక్కులు మూసి ఉంటాయి. అత్తమ్మ కంగారు చూడలేకపోయాను, పాపం, తన చేతి వంట వల్ల పిల్లకి ఏదో అయిపోయిందని ఆ సాయంత్రం అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఎవరి వల్లా ఏమీ కాలేదు, బ్రాకెట్లు ఊడటం ఈ వైద్యంలో మామూలే. మైనం ఉండ చేసి అంటించి, ఈమెయిల్ రాశాను. 35 బ్రాకెట్ ఊడింది, నొప్పి లేదు, మైనం పెట్టాం, ఎప్పుడు రావాలి? నాలుగు ముక్కల జర్మన్. సోమవారం పొద్దున్నే టైం ఇచ్చారు. ఫోన్‌లో జర్మన్ వినడం ఎదురుగా వినడం కంటే ఎంతో కష్టం, ముఖం కనబడదు, పెదాలు కనబడవు. రాయగలిగిన చోట రాయడమే మేలు. రాస్తే మన దగ్గర ఒక దస్తావేజు కూడా ఉంటుంది.

తర్వాత రబ్బర్లు. పై కోరపన్ను దగ్గర కొక్కేనికి, కింద దవడ పన్నుకి చిన్న రబ్బరు బ్యాండ్ తగిలిస్తారు. పై వరసని వెనక్కి, కింది వరసని ముందుకి లాగుతుంది. తినేటప్పుడు, పళ్లు తోముకునేటప్పుడు తప్ప రాత్రీపగలూ ఉండాలి. తగిలించుకునేది పిల్లే కాబట్టి వైద్యం ఇక్కడ నిజంగా పిల్ల చేతుల్లోకి వస్తుంది. డాక్టరమ్మ ఒక చీటీ మీద రాసింది: 13 నుంచి 46, 23 నుంచి 36. అంతే. ఏ భాషా లేదు. ఆ ప్యాకెట్ల మీద జంతువుల బొమ్మలు ఉంటాయి, బలం, సైజు మారితే జంతువు మారుతుంది. మందుల షాపులో పేరు చదవలేని తాతకి కూడా అర్థమయ్యే ఏర్పాటు అది. అది ఎవరి ఆలోచనో గానీ వాళ్లకి దండం పెట్టాలి. చీటీని అద్దం పక్కన అంటించాను. మొదట్లో మా అమ్మాయి అద్దంలో చూసుకుంటూ తడబడేది, ఇప్పుడు బస్సులో కూర్చుని చూడకుండానే తగిలించేసుకుంటుంది.

బిల్లులు మూడు నెలలకోసారి వస్తాయి, ఆ ఇరవై శాతానివి. సాధారణంగా నాలుగేళ్లకి, అంటే పదహారు క్వార్టర్లకి ప్లాన్ వేస్తారు, క్లిప్పులు తీశాక పళ్లు మళ్లీ కదలకుండా చూసే కాలం కూడా అందులోనే. ప్రతి బిల్లూ, కట్టిన రసీదూ ఒక ఫైల్లో పెట్టుకోండి. చివర్లో డబ్బు తిరిగి అడిగేటప్పుడు డాక్టరు ఇచ్చే పూర్తయిన పత్రంతో పాటు ఇవి పంపాలి. మన వాళ్లు చాలామంది ఈ డబ్బు తిరిగొస్తుందని తెలియక కాగితాలు పారేస్తున్నారు. ఇల్లు మారినప్పుడు ముందు ఈ ఫైలు పెట్టెలో పెట్టండి.

ఈ మధ్య మా చిన్నవాడిని కూడా చూపించాం. తమిళావిడని ఇబ్బంది పెట్టకుండా ఈసారి నేనొక్కదాన్నే వెళ్లాను. వాడు కుర్చీలో కూర్చుని నోరు తెరిస్తే డాక్టరమ్మ స్కేలు పెట్టి కొలిచి నాకు చూపించింది. ఐదు మిల్లీమీటర్లు. డి2, అన్నాను నేను. ఆమె తలూపింది. ఇప్పుడు బీమా ఇవ్వదు, ఇంకా పాలపళ్లు ఉన్నాయి, ఏడాది తర్వాత మళ్లీ కొలుద్దాం అని మెల్లగా, నాకు అర్థమయ్యే జర్మన్‌లో చెప్పింది. అప్పటికి ఆరు దాటితే అక్కది ఇంకా నడుస్తూ ఉంటుంది కాబట్టి వాడికి పది శాతం లెక్కే. దాటకపోతే మా డబ్బుతో చేయించాలా వద్దా అని నేనూ మా ఆయనా కూర్చుని మాట్లాడుకుంటాం.

నా ప్రశ్నల కాగితం తెలుగులోనూ జర్మన్‌లోనూ పక్కపక్కనే రాసి పెట్టుకున్నాను, వెనక పళ్ల నంబర్ల బొమ్మతో. ఎర్లాంగెన్, న్యూరెంబర్గ్ వైపు ఎవరికైనా కావాలంటే అడగండి, కాపీ ఇస్తాను.